గాలి ఆగిన తొట్టి

నేనేం పని చేస్తానో మా చిత్తూరు చుట్టాలకు ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఫోన్లలో, మోటార్లలో ఆకుపచ్చ పలక ఒకటి ఉంటుంది కదా, దానికి రాగి పూత పెట్టే ఫ్యాక్టరీలో కెమిస్టుని అంటాను. "అంటే కళాయి పెట్టే పని" అని ఒక పెళ్ళిలో పెద్దాయన ఒకరు తేల్చేశాడు. ఎమ్మెస్సీ చదివి, ఇన్నేళ్ళు ల్యాబులో కళ్ళు పోగొట్టుకుంటే నాకు దక్కిన బిరుదు అది. ఒళ్ళు మండింది గానీ, తీరిగ్గా ఆలోచిస్తే ఆయన మరీ తప్పేమీ అనలేదు.

మా ఫ్యాక్టరీ నాయుడుపేట రోడ్డులో ఉంది. తిరుపతి నుంచి కంపెనీ బస్సులో వెళ్తాను. లోపల రెండు లైన్లుగా పెద్ద పెద్ద ప్లాస్టిక్ తొట్లు, వాటి నిండా మైలుతుత్తం, ఆమ్లం కలిపిన నీలం నీళ్ళు. అందులో పలకల్ని వేలాడదీసి కరెంటు పెడితే రాగి వచ్చి అంటుకుంటుంది. ఉత్త మైలుతుత్తం నీళ్ళయితే గరుకుగా, గుల్లగా అంటుకుంటుంది. నున్నగా మెరవాలంటే మందులు కలపాలి. ఒకటి రాగిని తొందరపడకుండా అణిచిపెడుతుంది. ఇంకొకటి త్వరగా రమ్మని పిలుస్తుంది, మెరుపు తెస్తుంది. దాన్ని మావాళ్ళు షైనింగు మందు అంటారు. అంత పెద్ద తొట్టికీ కలిపి అది చిటికెడే ఉంటుంది. ఆ చిటికెడు ఎక్కువైనా, తక్కువైనా పలకలు చెత్తబుట్టకే. ఎంత ఉందో కనిపెట్టి చెప్పడం నా ఉద్యోగం.

కనిపెట్టే యంత్రం పేరు చెబితే నోరు తిరగదు, వోల్టమెట్రీ యంత్రం అనుకుందాం. గ్లాసులో తొట్టి నీళ్ళు పోసి, అందులోకి ఒక కడ్డీ దింపుతాం. కడ్డీ కొసన మిరియం గింజంత ప్లాటినం బిళ్ళ ఉంటుంది. అది గిరగిరా తిరుగుతుంటే యంత్రం వోల్టేజీని కిందికీ పైకీ ఊపుతుంది. కిందికి పోయినప్పుడు బిళ్ళ మీద రాగి కూర్చుంటుంది, పైకి వచ్చినప్పుడు లేచిపోతుంది. లేచిపోయేటప్పుడు స్క్రీన్ మీద గీత గూనిలాగా పైకి లేస్తుంది. గూని పెద్దదైతే రాగి ఎక్కువ కూర్చుందని అర్థం. రాగి ఎక్కువ కూర్చుందంటే దాన్ని పిలిచే మందు ఎక్కువ ఉందని లెక్క. అంతే తప్ప మందు ఎవరికీ కనపడదు. ఆ యంత్రానికి కూడా కనపడదు. అది చేసిన పనిని చూసి, అది అక్కడ ఉందని మేం నమ్ముతాం. ఇన్నేళ్ళలో ఈ సంగతి నన్ను ఎప్పుడూ భయపెట్టలేదు. ఆ ఎండాకాలం భయపెట్టింది.

రెండో లైనులో చివరి తొట్టికి మందు పోసే ఆయన నగరి మనిషి. మరమగ్గాలు నడిపిన కుటుంబం. మగ్గాలు అమ్మేసి, భార్యాభర్తలిద్దరూ మా దగ్గర చేరారు. ఆవిడ తనిఖీ గదిలో భూతద్దం కింద పలకలు చూస్తుంది. మగ్గం మీద తెగిన పోగును పట్టుకున్న కన్ను కాబట్టి, తెగిన రాగి గీత ఆవిడ నుంచి తప్పించుకోలేదు. ఆయన్ని నేను అన్నా అనేదాన్ని, ఆవిడను అక్కా అనేదాన్ని. మిగతా తొట్లకు మందును పంపు పోస్తుంది. ఆ చివరి తొట్టి పంపు చెడిపోయి, దాన్ని పట్టించుకునే నాథుడు లేక, ఆయనే జగ్గుతో కొలిచి పోసేవాడు. పోశాక ఆఖరి చుక్క కూడా రాలాలని జగ్గును తొట్టి అంచుకు టక్కుటక్కుమని కొట్టేవాడు.

"తొట్టి పగలగొడతావా ఏమన్నా?" అని నేను అరిచేదాన్ని.

"పగలదులే మేడం. దీనికి నా చెయ్యి అలవాటే" అనేవాడు.

ఒక పొద్దున ఇద్దరూ హైవే పక్కన కంపెనీ బస్సు కోసం నిలబడి ఉంటే, ఆయన గుండెనొప్పితో అక్కడే కూలిపోయాడు. చేతిలో టిఫిను క్యారియరు అలాగే ఉందట. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. అప్పటికే ఆర్డర్లు తగ్గి, రెండో లైను ఆపుదామా అని మావాళ్ళు ఆలోచిస్తున్నారు. ఆయన పోయాక ఆపేశారు. కరెంటు లేదు, పలకలు లేవు. తొట్లలో నీళ్ళను మాత్రం అలాగే ఉంచారు. ఆవిడ మేనేజర్ని బతిమాలి, ఆయన నిలబడి పనిచేసిన చోట, ఆ చివరి తొట్టి పక్కన, కర్మ అయ్యేదాకా దీపం పెట్టుకోవడానికి ఒప్పించుకుంది. ఫ్యాక్టరీలో దీపం ఏమిటని నేను గొణిగాను గానీ, ఆవిడ మొహం చూశాక ఆ గొణుగుడు కూడా మానేశాను.

ఆగిన తొట్టిలో మందు ఖర్చు కాదు. పోసేవాళ్ళు లేరు కాబట్టి పెరగనూ పెరగదు. అయినా వారం వారం నమూనా చూడడం మా పద్ధతి. షిఫ్టు సూపర్‌వైజరు సీసాల్లో పట్టి తెచ్చి ఇచ్చేవాడు. మొదటిసారి చూస్తే చివరి తొట్టిలో షైనింగు మందు కొంచెం పెరిగి ఉంది. నా చెయ్యి సరిగ్గా లేదనుకున్నాను. బిళ్ళను రుద్ది, కడిగి, మళ్ళీ చూశాను. అంతే ఉంది. తర్వాతి వారం ఇంకొంచెం పెరిగింది.

నా నోరు మంచిది కాదని ఫ్యాక్టరీ అంతటికీ తెలుసు. సూపర్‌వైజర్ని పిలిచి దులిపేశాను.

"ఎవరప్పా అందులో మందు పోస్తా ఉండేది? అదేమన్నా పానకం అనుకున్నారా?"

"ఎవురూ పొయ్యలేదు మేడం. మందు క్యాను మీ బీరువాలోనే గదా ఉండాది, తాళమేసి."

నిజమే. క్యాను నా దగ్గరే ఉంది, దాని సీలు కూడా విప్పలేదు. అతను మా చిత్తూరు పక్క మనిషి, నాతో చనువు ఎక్కువ, నేనెంత అరిచినా నవ్వి పోతాడు. ఆ రోజు నవ్వలేదు. తలుపు దగ్గరకు వెళ్ళి, వరండాలో ఎవరూ లేరని చూసుకుని వచ్చాడు.

"ఒగటి సెప్తా, తిట్టద్దండి మేడం. వారానికి ఎంత పెరగతాందో సూసినారా? అన్న పోసే కొలతే అది."

"ఫో అవతలికి" అన్నాను. అతను వెళ్ళాక పాత లెక్కలు తీసి చూశాను. ఆయన వారమంతా పోసిన మందు ఎంతో, ఆగిన తొట్టిలో పెరిగింది దాదాపు అంత. వెన్నులో సన్నగా చలి పాకింది. ఏసీ తగ్గించి, మళ్ళీ పనిలో పడ్డాను.

ఆ తర్వాత నేను చేయని పరీక్ష లేదు. కొలతకు వాడే మందు కొత్తది కలిపాను. బిళ్ళ మార్చాను. నడుస్తున్న మొదటి లైను నీళ్ళు పెట్టి చూశాను, అవి ఉండాల్సినట్టే ఉన్నాయి. రెండో లైనులో మిగతా తొట్లు కూడా ఉండాల్సినట్టే ఉన్నాయి. ఆ చివరి తొట్టి ఒక్కటే. స్క్రీన్ మీద గూని లేచేది, పడేది, మళ్ళీ అంతే ఎత్తుకు లేచేది. ఎవరో దుప్పటి కింద పడుకుని ఊపిరి తీస్తున్నట్టు ఉండేది. ఇది రాసేటప్పుడు కూడా ఆ గీతను తలుచుకుంటే నాకు బాగుండదు.

మాట ఫ్యాక్టరీ అంతా పాకింది. రెండో లైను హాలు గుండా పోతే క్యాంటీనుకు దగ్గర దారి. జనం ఆ దారి మానేసి, ఎండలో చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలుపెట్టారు. తొట్టి అంచు మీద జగ్గు కొట్టిన చప్పుడు విన్నామని కొందరు అన్నారు. భయపడే మగవాళ్ళను చూసి నేను బాగా నవ్వాను. నేను మాత్రం ఆ హాల్లోకి వెళ్ళలేదు. నాకు పని లేదు కదా, సీసాలు నా దగ్గరికే వస్తాయి కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

ఆవిడ ల్యాబు దగ్గరికి రావడం అప్పుడే మొదలైంది. టీ వేళకు వచ్చి గుమ్మం బయటే నిలబడేది.

"ఎంత ఉండాది మేడం ఈ వారం?"

చెప్పేదాన్ని.

"పోయిన వారం కంటే జాస్తేనా?"

"ఆ, కొంచెం జాస్తే అక్కా."

ఆ మాటకు ఆవిడ మొహంలో రంగు వచ్చేది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని వెళ్ళిపోయేది. భర్త చూసుకున్న తొట్టి కదా, దాని మీద మమకారం అనుకున్నాను. అంతకు మించి నేను ఆలోచించలేదు.

సంగతి నాకు చెప్పినవాడు ఆయన తమ్ముడు. నగరి నుంచి బస్సులు మారి వచ్చి, గేటు దగ్గర కాచుకుని కూర్చున్నాడు. నేను మధ్యాహ్నం బయటికి వస్తే లేచి దణ్ణం పెట్టాడు.

"నేను ఆయప్ప తమ్మున్ని మేడం. మా వదినకు మీరే సెప్పాల. మేము సెప్తే వినేదే లేదు."

"ఏం చెప్పాలప్పా?"

"అస్తికలు కుండలో పెట్టి, ఇంటి బయట చెట్టుకి కట్టినాం. నీళ్ళలో కలపనీదు. కర్మ చెయ్యనీదు. ఎందుకమ్మా అంటే, ఆయన యాడికీ పోలేదు, ఫ్యాక్టరీలో పని చేస్తాండాడు, వారం వారం మందు పోస్తాండాడు, ల్యాబు మేడమే లెక్క చెప్పతాంది అంటాది. మా యమ్మ రేయింబగళ్ళు ఏడస్తాంది మేడం, నా బిడ్డకు దోవ దొరకలేదే అని. కర్మ చెయ్యకుంటే మా అన్న ఇట్లా పోకుండా, అట్లా ఉండకుండా అల్లాడతా ఉండాల్నా?"

నాకు ముందు కోపం వచ్చింది. నేను చెప్పింది మందు గురించి, మనిషి గురించి కాదు అని అరవబోయాను. అతని చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. నేను చెప్పిన అంకెల మీద ఒక మనిషి చావు ఆగి ఉందని అప్పుడు అర్థమైంది.

అతన్ని పంపించి, ఖాళీ సీసా తీసుకుని నేనే రెండో లైను హాలుకు వెళ్ళాను.

పట్టపగలు. పైకప్పు రేకుల మధ్య తెల్లటి ప్లాస్టిక్ రేకుల గుండా ఎండ దిగుతోంది. హాలంతా వెలుతురే. చీకటి ఉంటే భయపడ్డానని చెప్పుకోవడానికి కొంచెం గౌరవంగా ఉండేది. తొట్లలో, పలకలకు రాగి అందించే రాగి గుండ్లు వేసిన తెల్ల గుడ్డ సంచులు వరసగా నీళ్ళలోకి వేలాడుతున్నాయి, తలలు లేని చొక్కాలు ఆరేసినట్టు. ఆమ్లం వాసనలో నువ్వుల నూనె వాసన కలిసింది. నేను నడుస్తుంటే నా చెప్పుల చప్పుడే నా వెనక వచ్చింది. రెండుసార్లు ఆగి చూశాను. అది కూడా ఆగింది.

చివరి తొట్టి దగ్గర దీపం వెలుగుతోంది. ఒత్తి కొత్తది, నూనె నిండుగా ఉంది. దాని పక్కన తమలపాకు మీద రెండు వక్కలు, మూత పెట్టిన టీ గ్లాసు. తొట్టిలో నీళ్ళు కదలడం లేదు. అద్దంలా ఉన్న ఆ నీలంలో దీపం తలకిందులుగా నిలబడి ఉంది. తొంగి చూస్తే నా మొహం కనపడింది. రంగు తెలుసు కదా ఆ నీళ్ళది, నా మొహం పోయినవాళ్ళ మొహంలా ఉంది.

అప్పుడు తొట్టి అంచు దగ్గర టక్కుమంది.

ప్లాస్టిక్ తొట్టి ఎండకు సాగుతుంది, మబ్బు పడితే ముడుచుకుంటుంది, అప్పుడు అలా చప్పుడు చేస్తుంది. ఇది ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. అప్పుడు నా నోటి నుంచి వచ్చింది "అన్నా" అనే మాట ఒక్కటే. పిలిచినట్టే పిలిచాను. పిలిచాక జవాబు కోసం ఆగాను కూడా. భయం ఒక పక్క, జవాబు రాదేమోనన్న బెంగ ఒక పక్క. ఇంకోసారి టక్కుమంది. సీసా చేతిలోంచి జారి నేల మీద దొర్లింది.

ఆ దొర్లే చప్పుడు ఆగాక, ఆ నిశ్శబ్దంలో ఏదో తక్కువైందని తెలిసింది. ఏమిటో అందడానికి కొంచెంసేపు పట్టింది. బుడగలు. ప్రతి తొట్టి అడుగునా గాలి గొట్టం ఉంటుంది. లైను ఆగినా గాలి ఆపకూడదు, నీళ్ళు ఎప్పుడూ కుతకుతలాడుతూ ఉండాలి. పక్క తొట్లు సన్నగా కుతకుతలాడుతున్నాయి. ఇది ఒక్కటే నిద్రపోతోంది. వంగి చూస్తే, ఈ తొట్టికి వచ్చే గాలి వాల్వు పూర్తిగా మూసి ఉంది. పిడికి పసుపు దారం చుట్టి, ముడి వేసి ఉంది. ఆ దారం కట్టాక దాన్ని తిప్పే మగాడు మా ఫ్యాక్టరీలో లేడు.

ఎందుకు మూశారో అడగక్కరలేదు. బుడగలు పగిలినప్పుడు తుంపర ఎగురుతుంది. ఆ తుంపర పక్కనున్న దీపం మీద పడితే చిటపటమని ఆరిపోతుంది. చనిపోయిన మనిషికి పెట్టిన దీపం కర్మ అయ్యేదాకా ఆరకూడదు. అందుకని ఆవిడ గాలి మూసేసింది.

మిగతాదంతా నాకు అక్కడే, ఆ తొట్టి ముందు నిలబడే అందింది. ఎప్పుడో చదివిన సంగతి. షైనింగు మందులో ప్రతి కణమూ ఒక జత, రెండు సగాలు కలిసి ఉంటాయి. గాలి లేని తొట్టిలో, రాగి గుండ్ల దగ్గర, ఆ జత విడిపోతుంది. విడిపోయిన ఒక్కో సగమూ జత కంటే ఉధృతంగా రాగిని పిలుస్తుంది. మా యంత్రం పనిని చూస్తుందే గానీ, చేసినదెవరో చూడదు కదా. పని ఎక్కువైతే మందు పెరిగిందంటుంది. ఆవిడ దీపం కోసం గాలి మూసింది. గాలి లేక అంకె పెరిగింది. అంకె పెరిగింది కాబట్టి ఆయన ఉన్నాడని కర్మ ఆపింది. కర్మ కాలేదు కాబట్టి దీపం వెలుగుతూనే ఉంది. వారానికి ఆయన పోసినంతే ఎందుకు పెరిగిందంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు. అలా కుదిరిందంతే అని చెప్పుకున్నాను.

వాల్వు నేను తిప్పలేదు. దారం మీద చెయ్యి వేసి, తీసేశాను. సీసాలో నీళ్ళు పట్టుకుని ల్యాబుకు వచ్చి, సగం ఒక గ్లాసులో పోసి, చేపల తొట్టికి పెట్టే చిన్న గాలి పంపు అందులో పెట్టి ఇంటికి వెళ్ళాను. పొద్దున్నే వచ్చి చూస్తే ఆ గ్లాసులో అంకె దిగిపోయింది. లైను ఆపిన రోజు ఎంత ఉండేదో అంతకు. గెలిచానని ఎగిరాను. సూపర్‌వైజర్ని పిలిచి, "ఏమప్పా, దయ్యాన్ని చేపల పంపుతో వదిలించినా చూడు" అని వెక్కిరించాను కూడా. అతను తేరుకుని నవ్వాడు. "ఆయమ్మకు ఎట్ల సెప్తారు మేడం?" అన్నాడు. నా నవ్వు అక్కడితో సరి.

టీ వేళకు ఆవిడ వచ్చింది. లోపలికి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టాను. రెండు గ్లాసులూ ముందు పెట్టాను. ఒకటి అప్పుడే తొట్టి నుంచి తెప్పించినది, ఒకటి రాత్రంతా గాలి పెట్టినది. రెంటినీ యంత్రంలో పెట్టి చూపించాను. మొదటిదానికి గూని ఎత్తుగా లేచింది. రెండోదానికి చిన్నగా లేచి పడిపోయింది. ఆవిడ స్క్రీన్ వైపు కాకుండా రెండో గ్లాసు వైపు చూసింది.

"ఇందులో ఆయన లేడా మేడం?"

నేను యంత్రం ఆపి ఆవిడ వైపు తిరిగాను.

"దేంట్లోనూ లేడక్కా. గాలి ఆగిపోయినందుకు మందు విడిపోయింది. జతగా ఉండేది సగం సగం అయింది. సగం ఎక్కువ పని చేస్తుంది. ఈ యంత్రానికి అది తెలీదు, పెరిగిందనుకుంటుంది. అంతే."

"జత విడిపోతే ఒక్కోటి జాస్తి పని చేస్తాదా?"

"చేస్తుంది."

"నాకట్ల చాతకాలేదే మేడం" అంది. ఏడవకుండానే అంది. "అన్నం వండేది గూడా చాతకాలేదు."

ఆవిడ రెండో గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది.

"గాలి పెడితే ఏమవతాది వాటికి?"

"మళ్ళీ జత కలుస్తాయి."

"కలిస్తే ఇంగ మీకు అగుపడవు."

"ఎక్కువగా అగుపడవు. మామూలుగా ఉంటాయి."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. నన్ను ఇప్పుడు తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆవిడ లేచి చీర సర్దుకుంది.

"ఆయన్ని ఎత్తుకుని పోతాంటే వీధి మలుపు దాకా పోయినా మేడం. ఆడనే ఆపేసినారు. ఆడోళ్ళు రాకూడదన్నారు. మా మరిది చేతులతో అన్నీ జరిగిపోయినాయి, నేను చూళ్ళేదు. పొగ గూడా చూళ్ళేదు. చూడనిదాన్ని ఎట్ల నమ్మేది? అందుకే నమ్మలేదు." గుమ్మం వైపు తిరిగి అంది, "మీరు రాండి నాతో. ఆ గాలి నేనే ఇడస్తా."

ఇద్దరం హాల్లోకి వెళ్ళాం. ఆవిడ చెప్పులు బయట విడిచింది. నేనూ విడిచాను, ఎందుకో నాకు తెలియదు. తొట్టి ముందు నిలబడి, ఆ కదలని నీళ్ళలోకి చాలాసేపు చూసింది. అక్కడ ఆవిడకు ఏం కనపడిందో నేను అడగలేదు. పసుపు దారం ముడి గోళ్ళతో విప్పి, మడిచి, రవికలో పెట్టుకుంది. పిడి మీద చెయ్యి వేసింది. బిగుసుకుపోయి ఉంది, తిరగలేదు. సాయం పట్టబోతే తల అడ్డంగా ఊపింది. రెండు చేతులూ వేసి, పళ్ళు బిగించి తిప్పింది.

తొట్టి అడుగున గుడగుడమని మొదలైంది. నీళ్ళు ఒక్కసారిగా లేచాయి, తెల్ల సంచులన్నీ కదిలాయి. లోపల ఎవరో తిరిగి పడుకున్నట్టు నీలమంతా ఒత్తిగిల్లింది. తుంపర ఎగిరి దీపం మీద పడింది. చిటపటమంది, ఇంకాసేపు కొట్టుకుంది, ఆరిపోయింది. ఆవిడ దాన్ని మళ్ళీ వెలిగించలేదు.

"పో మామా" అంది. "పో."

పోయిరా అనలేదు.

బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ అడిగింది. "రేపు లెక్క చూస్తారా మేడం?"

"చూడాల కదక్కా."

"తగ్గితే నాకు చెప్పద్దండి. తగ్గకున్నా చెప్పద్దు."

మర్నాడు తగ్గింది. ఆ తర్వాత ఇంకా తగ్గి, ఉండాల్సిన చోటికి వచ్చి ఆగింది. ఆవిడ టీ వేళకు ఎప్పటిలాగే గుమ్మం దగ్గరకు వచ్చింది. నేను మాట్లాడలేదు, తను అడగలేదు. నా మొహంలోకి ఒకసారి చూసి, కాళహస్తి దగ్గర ఏట్లో నీళ్ళున్నాయట, అస్తికలు అక్కడ కలుపుతాం, లీవు పెట్టాను అని చెప్పింది. మంచిదక్కా అన్నాను.

ఆవిడ అటు వెళ్ళాక, ఏ అవసరమూ లేకుండా, ఎవరూ అడగకుండా, సీసా పట్టుకుని మళ్ళీ ఆ తొట్టి దగ్గరికి పోయాను. నీళ్ళు తెచ్చాను. బిళ్ళను జాగ్రత్తగా రుద్దాను. యంత్రం పెట్టి, గీత లేచేదాకా స్క్రీన్‌కు మొహం ఆనించి కూర్చున్నాను. లేస్తుందని, పెద్దగా లేస్తుందని, కొంచెమైనా పెరిగి ఉంటుందని చూశాను. నేను, దయ్యాన్ని చేపల పంపుతో వదిలించిన మనిషిని, పెరగాలనే చూశాను. చిన్నగా లేచి పడిపోయింది. ఇంకోసారి చూశాను. అంతే. అప్పుడు ల్యాబు తలుపు గడియ పెట్టుకుని, ఆయన పోయాడని మొదటిసారి ఏడ్చాను.